మట్టి సైన్యానికి ఉద్వాసన

(కృష్ణపట్నంలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసాల ధర్మనిధి ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో ఆయన తన పేరు ఎక్కడా వేయవద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లారట. అందుకే ఆహ్వానపత్రికలో ‘మాస్టారి స్మారక ఉపన్యాసం’ అని మాత్రమే ఉంది. నేనూ ఆ మాట దాటను. సామాన్యశాస్త్రం పాఠాలు చెప్పిన మాస్టారి బీరువాలో పురాణాలూ సైన్స్ ఫిక్షన్ నవలలూ పక్కపక్కనే ఉండేవి కనక, రెండింటికీ చెందిన ఒక మనిషిని ఈ సాయంత్రం మీ ముందుకు తెచ్చాను. మనిషి అనవచ్చో లేదో ఉపన్యాసం అయ్యాక మీరే తేల్చండి. మట్టితో చేసి, ప్రాణం పోసి, యుద్ధానికి తోలిన సైనికుడు.

కథ మీకు తెలిసిందే. చిన్నప్పుడు విన్నాం, పెద్దయ్యాక పంచాంగంలో శాలివాహన శకం అన్న అంకెగా మాత్రం మిగుల్చుకున్నాం. గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురం, ఇవాళ మహారాష్ట్రలో ఉన్న పైఠన్. అక్కడ ఒక బ్రాహ్మణ యువతి, నదిలో ఉండే నాగరాజు వల్ల గర్భవతి అవుతుంది. అయినవాళ్లు వదిలేసి పోతారు. కుమ్మరివాళ్లు చేరదీస్తారు. పుట్టిన పిల్లవాడే శాలివాహనుడు. అతనికి ఆట వస్తువు ఆ ఇంటి మట్టే. ఏనుగుల్ని చేస్తాడు, గుర్రాల్ని చేస్తాడు, కత్తి పట్టిన బంట్లను చేస్తాడు, తోటిపిల్లల మధ్య రాజై తీర్పులు చెబుతాడు. తన చావు ఎవరి చేతిలో ఉందో ఉజ్జయినిలో విక్రమార్కుడికి తెలుస్తుంది. దండు కట్టుకుని వస్తాడు. పిల్లవాడికి దండు లేదు, ధనాగారం లేదు. ఉన్నవల్లా ఎండలో ఆరిన బొమ్మలు. నాగరాజు దయవల్ల వాటికి ప్రాణం వస్తుంది. విక్రమార్కుడు ఓడిపోతాడు.

14వ శతాబ్దంలో జినప్రభసూరి రాసిన వివిధతీర్థకల్పంలో ప్రతిష్ఠానం గురించి చెబుతూ ఈ కథ చెప్పారు. సింహాసనం మీది ముప్పైరెండు బొమ్మలు చెప్పే కథల్లోనూ శాలివాహనుడి ప్రస్తావన వస్తుంది. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు తెలుగులోకి తెచ్చింది ఆ బొమ్మల కథలనే. చరిత్ర మాత్రం ఈ కథకు పెద్దగా సాయం రాదు. క్రీస్తుశకం 78లో మొదలైన శకాన్ని చరిత్రకారుల్లో కొందరు కనిష్కుడికి ముడిపెడతారు. శాలివాహనుడి పేరు దానికి అంటుకున్నది ఎన్నో వందల ఏళ్ల తర్వాత. అయినా 1957 మార్చి 22 నుంచి భారత ప్రభుత్వం జాతీయ పంచాంగంగా వాడుతున్నది ఆ శకాన్నే. శాతవాహన రాజులు నిజంగా ఉన్నారు, వాళ్ల నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది, ఆ నాణేలు మన కోస్తా పొడుగునా దొరికాయి. ఓడలు నిజం, మట్టి ఏనుగులు కల్పన. ఇవాళ నాకు కావలసింది కల్పనే.

దీన్ని సైన్స్ ఫిక్షన్ అంటే కొందరు నవ్వుతారు, ఇంకొందరు మన పూర్వికులకు అన్నీ ముందే తెలుసునని ఛాతీ విరుస్తారు. ఈ రెండోవాళ్లతోనే నాకు ఎక్కువ ఇబ్బంది. శాలివాహనుడికి రోబోలు లేవు. ఉన్నది ఒక ఊహ. ఆ ఊహ వెనక ఉన్న ప్రశ్న మాత్రం అసలు సిసలు సైన్స్ ఫిక్షన్ ప్రశ్న: జీతం అడగని, ఆకలి వేయని, చస్తే ఇంట్లో ఏడ్చేవాళ్లు లేని సైనికుడు దొరికితే యుద్ధం ఏమవుతుంది?

ఈ ప్రశ్న మనవాళ్లే వేశారనీ అనను. ప్రేగ్ నగరంలో యూదులు తమ పేటను కాపాడడానికి ఒక మతగురువు నది ఒడ్డు మట్టితో గోలెమ్‌ను చేశాడని చెప్పుకున్నారు. నోట్లో దేవుడి పేరు రాసిన చీటీ పెడితే లేస్తుంది, తీస్తే పడిపోతుంది. ఒక శుక్రవారం సాయంత్రం గురువు చీటీ తీయడం మరిచిపోయాడు. గోలెమ్ వీధిలో పడి కనబడినదల్లా విరగ్గొట్టింది. అదే ప్రేగ్‌లో 1921లో కారెల్ చాపెక్ నాటకం ‘ఆర్.యు.ఆర్.’ వేదిక ఎక్కింది. రోబో అనే పేరు లోకానికి ఇచ్చింది ఆ నాటకమే. ఆ రోబోలు ఇనుప మరలు కావు. తొట్లలో కలిపిన పిండిలాంటి ముద్దతో తయారైన కృత్రిమ మనుషులు. ముందు పనివాళ్లుగా కొంటారు, తర్వాత ప్రభుత్వాలు వాటి చేతికి తుపాకులిచ్చి సైనికుల్ని చేస్తాయి. చివరికి అవి మనుషులందరినీ చంపి ఒక్కణ్ణి వదిలిపెడతాయి. ఎందుకు వదిలాయంటే, అతను తాపీపని చేస్తాడు, తమలాగే చేతులతో పనిచేసేవాడు అని. ఈ ఒక్క సంగతి కోసమే ఆ నాటకం మీద నాకు గౌరవం. కుమ్మరింటి పిల్లవాడి కథ విన్నవాళ్లకు అది వెంటనే అందుతుంది.

పడమటి కథలకు ఎప్పుడూ ఒకటే బెంగ: చేసినవాడి మీదికి చేసిన బొమ్మ తిరగబడుతుందేమోనని. మన కథల బెంగ వేరు. చెప్పినమాట తు.చ. తప్పకుండా వినే బొమ్మ మరీ ప్రమాదమని మనవాళ్లకు అనిపించింది. వినాయకచవితి నాడు ఇంటింటా చదువుకునే కథే తీసుకోండి. పార్వతి నలుగుపిండితో పిల్లవాణ్ణి చేసి, ప్రాణం పోసి, గుమ్మం దగ్గర కాపలా పెట్టింది. ఎవరినీ లోపలికి రానివ్వద్దు అంది. వచ్చినవాడు ఆ ఇంటి యజమాని. కాపలావాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అతనిలో తప్పు వెతికితే ఏం దొరుకుతుంది? ఆజ్ఞలో మినహాయింపు లేదు, అంతే. తల పోయింది. ఆ తర్వాత ఏనుగు తల, పూజలు, ఉండ్రాళ్లు అన్నీ వచ్చాయి కాని, గుమ్మం దగ్గర జరిగిన పొరపాటు అలాగే ఉంది. 2010లో తెలుగులోకి వచ్చిన ‘రోబో’ సినిమాలోనూ ఇదే ఘట్టం. సైన్యానికి ఇవ్వడానికి చేసిన చిట్టిని పరీక్షిస్తున్నప్పుడు, నిన్ను చేసినవాణ్ణే పొడవమంటే అది కత్తి ఎత్తుతుంది. ఆ సీను దగ్గర ఈలలు వేసిన కుర్రాళ్లను నేను చూశాను. సినిమా మొత్తంలో భయపడవలసిన సీను అదొక్కటే.

ఇక మన నెల్లూరికి వద్దాం. మాట విననివాడి కథ ఒకటి మన దగ్గరే ఉంది.

13వ శతాబ్దం. నెల్లూరు మనుమసిద్ధి ఏలుబడిలో ఉంది. పశువుల మేతకు కట్టవలసిన పుల్లరి మీద ఆ మందల దొర కాటమరాజుతో తగవొచ్చింది. మనుమసిద్ధి తరఫున సేనాని ఖడ్గతిక్కన, మహాభారతం తెలుగు చేసిన తిక్కన సోమయాజికి దాయాది. యుద్ధంలో తన బలగమంతా నేలకొరిగింది, తిక్కన వెనక్కి తిరిగి ఇంటికొచ్చాడు. తర్వాత జరిగింది చాటు పద్యాల్లో ఊరూరా తిరిగింది. భార్య స్నానానికి నీళ్లు తోడి, ఆడవాళ్లకు కట్టినట్టు చాటు కట్టి, పసుపుముద్ద పెట్టింది. తల్లి అన్నంలో విరిగిన పాలు పోసింది. తిక్కన మారుమాట లేకుండా లేచి మళ్లీ యుద్ధానికి వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఏడు వందల ఏళ్లకు పైగా మనం పొగుడుతున్నది ఆ రెండో ప్రయాణాన్ని. నాకు మొదటి ప్రయాణం ముఖ్యం అనిపిస్తుంది. గడ్డిపోచల పన్ను కోసం ఇంతమంది చచ్చారు, ఇక చాలు అని ఒక సేనాని అనుకుని ఉండవచ్చు. అనుకోలేదేమో, ఒట్టి భయమే అయివుండవచ్చు. భయమైనా సరే, అది లోపల ప్రాణం ఉన్నవాడికే వస్తుంది. ఆ వెనుదిరగడాన్ని వీరత్వంగా పాడినవాడు మనలో ఒక్కడూ లేడు. తల్లీ భార్యా కలిసి ఆయన్ని మట్టిబొమ్మను చేసి పంపారని నేనంటే ఈ జిల్లాలో నా మీద కోపం వచ్చేవాళ్లు ఉంటారు. రానివ్వండి.

రాజులు మట్టి సైనికుణ్ణి ఎందుకు కోరుకుంటారో ఇప్పుడు తెలుస్తుంది. బలం కోసం అనుకుంటాం. బలం ఏనుగుకీ ఉంది. మట్టి సైనికుడు ఇంటికి తిరిగి రాడు, అతనికి ఇల్లు లేదు. అదీ ఆకర్షణ. ఇంకో అడుగు ముందుకు వెళ్లండి. తాను వెనుదిరగడు సరే, ఎదుటివాడు వెనుదిరిగితే ఏం చేస్తాడు? లిబియా అంతర్యుద్ధంపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2021లో ఇచ్చిన నివేదికలో ఒక పేరా ఉంది. 2020లో యుద్ధభూమి నుంచి వెనక్కి మళ్లుతున్న సైనికులనూ వాళ్ల బండ్లనూ డ్రోన్లు వెంటాడాయని అందులో రాశారు. అందులో కార్గు-2 అనే టర్కీ డ్రోన్ పేరుంది. ఆపరేటరుతో సంబంధం లేకుండానే గురిపెట్టేలా వాటిని సిద్ధం చేశారని కూడా ఉంది. ఆ రోజు అవి ఎంతవరకు సొంతంగా పనిచేశాయన్న దాని మీద వాదన ఇంకా తెగలేదు. కానీ వెనుదిరిగినవాడిని వెంటాడే బొమ్మ తయారీకి మనిషి సిద్ధపడ్డాడన్న దానిలో వాదన లేదు. ఖడ్గతిక్కన ఇంటిదాకా వచ్చి స్నానానికి కూర్చోగలిగాడు. కాటమరాజు దగ్గర కార్గు-2 ఉంటే ఆ పసుపుముద్ద అవసరమే పడేది కాదు.

కొంచెం మట్టి గురించి. వేదాంతం ఏమీ చెప్పను, ఒట్టి మట్టి సంగతే. పచ్చికుండ నీళ్లలో పడితే కరిగి మళ్లీ మట్టవుతుంది. దాన్ని ఆవంలో పెట్టి కాల్చి, వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాటించారనుకోండి, మట్టి రేణువుల నిర్మాణంలోనే బంధించి ఉన్న నీరు పోతుంది. ఇక అది వెనక్కి రాదు. కుండ పగిలినా పెంకుగా ఉంటుంది కాని మట్టి కాదు. తవ్వకాల్లో వేల ఏళ్ల నాటి పెంకులు దొరికేది అందుకే. ఏ మట్టి సైనికుణ్ణి చూసినా నేను వేసే మొదటి ప్రశ్న: పచ్చివాడా, కాల్చినవాడా?

కాల్చినవాళ్లు చైనాలో ఉన్నారు. 1974లో షియాన్ దగ్గర రైతులు బావి తవ్వుతుంటే తలలు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 210లో చనిపోయిన చిన్ షీ హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన సైన్యం అది. అంచనా ఎనిమిది వేలకు పైనే. ఒకరి ముఖం ఒకరికి ఉండదు. ఆ సైన్యం ఎవరినీ కాపాడలేదు, చక్రవర్తి పోయిన నాలుగేళ్లకే వంశం కూలింది. బొమ్మలు మాత్రం రెండు వేల రెండు వందల ఏళ్లు నిలబడ్డాయి.

శాలివాహనుడి బొమ్మలు ఎలాంటివి? పిల్లవాడు ఆడుకునే బొమ్మల్ని ఆవంలో పెట్టి కాల్చి ఉంటారని నాకు తోచదు. అవి పచ్చివే అయివుండాలి. మన పంచాంగాల లెక్కలో నర్మదకు ఉత్తరాన విక్రమ శకం, దక్షిణాన శాలివాహన శకం అని ఒక సంప్రదాయం ఉంది. గెలిచిన సైన్యం ఉజ్జయిని దాకా పోకుండా నది దగ్గర ఎందుకు ఆగిపోయింది? కథకులు సంధి అంటారు. పచ్చిమట్టి గుర్రాలు నర్మదలో దిగితే ఏమవుతుందో కుమ్మరింట పెరిగిన రాజుకు బాగా తెలుసు అని నేనంటాను. ఇది నా సరదా ఊహ, పరిశోధన కింద రాసుకోకండి.

ఇలా కరిగిపోయే మట్టిని సైన్స్ ఫిక్షన్‌లో బాగా పట్టుకున్న రచయిత అమెరికావాడు డేవిడ్ బ్రిన్. 2002లో వచ్చిన ఆయన నవల ‘కిల్న్ పీపుల్’లో ప్రతి మనిషీ తన మట్టి నకలును ఇంట్లోనే కాల్చి తీస్తాడు. నకలు ఒక్క రోజు బతుకుతుంది. రోజంతా యజమాని బదులు పనిచేసి, సాయంత్రానికి తన జ్ఞాపకాలు అతనికి ఇచ్చేసి కరిగిపోతుంది. దేశాల మధ్య తగాదాలు వస్తే మట్టి సైనికులే మైదానంలో పోరాడతారు, జనం క్రికెట్ చూసినట్టు చూస్తారు. నవల ఆసాంతం తెలివైనదే, చివరి వంద పేజీలు సాగదీశాడు. అందులో నాకు గుచ్చుకున్న సంగతి వేరు. నకలుకు తనకు ఒక్క రోజే ఉందని తెలుసు. సాయంత్రానికి ఇల్లు చేరకపోతే ఆ రోజు ఎవరి జ్ఞాపకంలోనూ మిగలదు. అంటే ఆ మట్టి మనిషికి కూడా ఇంటికి తిరిగి రావాలన్న ఆరాటం ఉంది. ఖడ్గతిక్కనకు ఉన్నట్టే.

ఇవాళ్టి బొమ్మ మట్టిది కాదు కదా అనవచ్చు. దాని మెదడు సిలికాన్, సిలికాన్ వచ్చేది ఇసుకలో, రాయిలో ఉండే సిలికా నుంచే. మనకు దక్షిణాన చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్లటి సిలికా ఇసుకను లారీల్లో చూసే ఉంటారు. అది గాజు ఫ్యాక్టరీలకు పోతుంది. చిప్పులకు కావలసిన శుద్ధి వేరు, కాని మూలకం అదే. ఇక్కడి హైస్కూలు పిల్లలు మట్టికీ యంత్రానికీ మధ్య పెద్ద గోడ ఉందనుకోనక్కర్లేదు. రేవులో ఓడ నుంచి బొగ్గు దించి కన్వేయర్ బెల్టు మీద నేలటూరు వైపు థర్మల్ కేంద్రాలకు పంపే యంత్రాలను వీళ్లు రోజూ చూస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న వెంకటగిరిలో, వినాయకచవితి తర్వాత పోలేరమ్మ జాతర జరుగుతుంది. అమ్మవారిని కుమ్మరింట మట్టితో చేస్తారు. అది ఆమె పుట్టిల్లు. అక్కడి నుంచి చాకలివాళ్లు అత్తింటికి తీసుకుపోతారు. కళ్లు పెడతారు, దిష్టిచుక్క దిద్దుతారు, ఊరి నడుమ కూర్చోబెడతారు. ఊరికి కలరా, మశూచి రాకుండా కాపలా కాసే శక్తి ఆమె. లక్ష మంది మొక్కుకున్నా ఆ శక్తి ఊళ్లో ఉండేది ఒక రాత్రి, ఒక పగలు. ఆ సాయంత్రమే ఊరేగింపుగా తీసుకెళ్లి ఆ మట్టిరూపాన్ని విరూపం చేస్తారు. చేసిన చేతులకూ తెలుసు, మొక్కిన చేతులకూ తెలుసు, రేపు ఈ రూపం ఉండదని. ఆమెను ఆవంలో కాల్చరు. వినాయకుడికీ అంతే. ప్రాణప్రతిష్ఠ మంత్రం ఉన్న పుస్తకంలోనే నాలుగు పేజీల తర్వాత ఉద్వాసన ఉంటుంది.

దీన్ని భక్తిగానే చూసేవాళ్లను నేను తప్పుపట్టను. నాకు మాత్రం ఇందులో ఒక కట్టుబాటు కనిపిస్తుంది. బలం ఉన్న బొమ్మను చేసే హక్కు ఊరికి ఉంది. దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతులతో విప్పాలో చేయకముందే తేల్చుకున్నాక. ప్రేగ్ గురువు చీటీ తీయడం మరిచాడంటే అది ఒక్కడి బాధ్యత కనక మరిచాడు. వెంకటగిరిలో మరిచే వీలు లేదు, కుమ్మరి మరిస్తే చాకలి ఉన్నాడు, అతను మరిస్తే ఊరుంది. శాలివాహనుడి కథలోనూ, ‘ఆర్.యు.ఆర్.’లోనూ లేని ఘట్టం ఇదే. బొమ్మలు లేచి గెలిచాక ఏమయ్యాయో శాలివాహనుడి కథ చెప్పదు. గెలుపు దగ్గర కథ ఆపేసే అలవాటు మనకు ఉంది.

మనిషి ప్రమేయం లేకుండా చంపే ఆయుధాల గురించి జెనీవాలో దేశాలు 2014 నుంచీ కూర్చుని మాట్లాడుతున్నాయి. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఈ ఆయుధాల మీద వెంటనే ఆలోచించాలని ఒక తీర్మానం వచ్చింది. 152 దేశాలు అవునన్నాయి, 11 తటస్థంగా ఉన్నాయి, 4 కాదన్నాయి. కాదన్న నాలుగు: బెలారస్, మాలి, రష్యా, భారత్. ఈ చర్చ జెనీవాలో సాగుతున్న చోటే సాగాలి, ఇంకో వేదిక వద్దు అన్నది మన ప్రభుత్వ వాదన. ఆ వాదనలో కొంత సబబు ఉంది, పదేళ్లలో అక్కడ కట్టుబడవలసిన ఒప్పందం ఒక్కటీ రాలేదన్నదీ నిజం. సరిహద్దులో మన బిడ్డలు చావకుండా మరలు వెళ్తే మంచిదే కదా అని మీలో ఎవరైనా అడిగితే, మంచిదేనంటాను. ఆ మర దగ్గరికి చీటీ తీయడానికి వెళ్లే మనిషి ఎవరు, అతని పేరేమిటి, అతను నిద్రపోతే తర్వాతివాడెవడు అని కూడా అడుగుతాను. జవాబు కాగితం మీద ఉన్నాకే దాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టాలి.

మాస్టారి కుటుంబానికి, నిర్వాహకులకు ఒక మనవితో ముగిస్తాను. ఈ వేదిక మీదికి ఏటా నాలాంటి పుస్తకాల మనిషిని పిలుస్తున్నారు. వచ్చే ఏడు వెంకటగిరిలో పోలేరమ్మను చేసే కుమ్మరి కుటుంబం నుంచి ఒకరిని పిలవండి. మట్టి ఎక్కడి నుంచి తెస్తారో, కళ్లు ఎప్పుడు పెడతారో, తాము చేసిన రూపాన్ని విరిచే సాయంత్రం వాళ్లు ఎక్కడ ఉంటారో వాళ్లనే చెప్పమనండి. దారిఖర్చులు, సత్కారం ఈ ఏడాది నాకు ఇచ్చినదానికి తగ్గకుండా చూడండి. నేను శ్రోతల్లో కూర్చుంటాను.